మినుపకట్టె మీద నీ మోటారు సైకిలు

నాన్నా,

నాకు బండి నడపడం రాదన్నది బాబాయి నాపై మోపిన అభియోగం. కనుక నీ మోటారు సైకిలు అమ్మేయాలట.

నీతో వెళ్దామనుకున్న కన్యాకుమారికి ఆ బండి మీదే ఒక్కదాన్నే వెళ్లి తిరిగి తెనాలి చేరాను. తోవలో టైరు పంచరైంది, వాన తడిపింది, సముద్రం అన్నీ మరిపించింది. పడింది మాత్రం బాపట్ల దాటాకే. రోడ్డంతా కోసిన మినుపకట్టె, కాయలతో సహా, పరిచి ఉంటే, రైతు పంట తొక్కడం అన్యాయమని పక్కకు తిప్పి కాలవగట్టు బురదలో పడ్డాను.

చేయి అందించిన ముసలమ్మ నవ్వింది. "బళ్లు తొక్కితే గింజ రాలుద్దనేగా పరిచింది. తప్పుకుపోయావేంటమ్మా? ఎక్కి తొక్కు."

ఆమె చాలనేదాకా అటూ ఇటూ తిప్పాను. చక్రాలకంటిన పొట్టు ఇంకా దులపలేదు, నువ్వు చూస్తే నవ్వేవాడివి.

చదవడానికి నువ్విక లేవు కనుక దీన్ని అమ్మకూ బాబాయికీ వినిపిస్తాను. వారిని కోరేది ఒక్కటే: బండిని బేరం పెట్టే ముందు నా వెనక కూర్చుని రేపల్లె దాకా రండి.