రోడ్డు క్లియర్

జనవరి 18, శనివారం

తాటిమెట్ట దారి దొరికింది. ఎలమంచిలి దాటాక హైవే వదిలి ఎడమకి తిరిగితే పాత రోడ్డు. బైపాస్ వేశాక దాన్ని అందరూ మరిచిపోయారు. బస్సు లేదు, లారీ లేదు, హారన్ లేదు. రెండు పక్కలా జీడితోటలు. కొండ మీద ఎప్పటివో బౌద్ధ భిక్షువుల ఇటుక దిబ్బలు. ఊరి మొదట్లో తలుపుల్లేని రాతి కోటగుమ్మం. అందులోంచి వెళ్తుంటే నా సైకిల్ చైన్ చప్పుడు నాకే వినిపించింది. మల్కాపురంలో ట్యాంకర్ల మధ్య పుట్టి పెరిగినవాడిని, నాకు ఇంతకంటే ఏం కావాలి. మా చర్చిలో కూడా ఇంత ప్రశాంతత లేదు. పాస్టర్ గారు వింటే ఊరుకోరు.

గ్రూపులో ఫొటోలు పెట్టాను. క్వైట్ వీల్స్ అనే ఈ సైకిల్ గ్రూపు మొదలుపెట్టింది నేను, రూట్లు వెతికేది నేను, ముందుండి నడిపేది నేను. అందరూ ఆహా ఓహో అన్నారు. తిరుమలరావు మాత్రం ఎలివేషన్ ఎంత, ఎన్ని మీటర్లు ఎక్కాలి అని అడిగాడు. రుషికొండలో ఐటీ మేనేజర్, మొన్న దసరాకి చేరాడు. కార్బన్ సైకిల్. నా లంచ్ క్యారియర్ కంటే తేలిక. టైర్లు పెన్సిల్ అంత సన్నం.

జనవరి 21, మంగళవారం

రైడ్లు శనివారం నుంచి ఆదివారానికి మార్చాలని తిరుమలరావు గ్రూపులో పోల్ పెట్టాడు. శనివారాలు సాఫ్ట్‌వేర్ వాళ్ళకి కాల్స్ ఉంటాయట. ఆదివారం పొద్దున నేను క్వాయర్‌లో బేస్ పాడతానని వాడికి తెలుసు. ఫోన్ చేసి ఎంతో మర్యాదగా, డేవిడ్ రాజు గారూ, మీరు రూట్ ఫైల్ పంపిస్తే చాలు కదా అన్నాడు.

చాలట.

జనవరి 22, బుధవారం

ఓడిపోయాను. బెన్సన్ కూడా ఆదివారానికే ఓటేశాడు. చర్చిలో నా వెనక బెంచీలో కూర్చునే బెన్సన్. అడిగితే, ఏటి బావా, నాను సాయంత్రం సర్వీసుకెల్తాను, దేవుడికి టైమింగ్సేటి అన్నాడు.

జనవరి 26, ఆదివారం

ప్రసంగం జరుగుతుంటే జేబులో ఫోన్ వణుకుతూనే ఉంది. బయటికొచ్చి చూశాను. గ్రూపులో ఫొటో, నా కోటగుమ్మం కింద తిరుమలరావు. చేతులు చాపి, ఇల్లు కొనుక్కున్నవాడిలా నిలబడ్డాడు. కింద 'మా కొత్త డిస్కవరీ' అని రాశాడు.

మధ్యాహ్నం అన్నం సహించలేదు. నా భార్య ప్రసన్నకుమారి, ఎందుకండీ అంత ఉడుకుమోత్తనం, రోడ్డేమైనా మీ తాతదా అంది. తాతది కాదు. నాది.

జనవరి 27, సోమవారం

కక్ష అనే మాట నాకు ఇష్టం లేదు. ఇంకో మాట దొరకడం లేదు.

ఫిబ్రవరి 1, శనివారం, మధ్యాహ్నం

మా గ్రూపులో ఒక పద్ధతి ఉంది. నేను పెట్టిందే. రైడ్‌కి ముందు రోజు ఒకరు వెళ్ళి దారి చూసి 'రోడ్డు క్లియర్' అని మెసేజ్ పెట్టాలి. అది రాకపోతే ఎవరూ కదలరు, వస్తే ఎవరూ అనుమానించరు. రేపటి రైడ్ మళ్ళీ తాటిమెట్టకే, ఇప్పుడు ఆ ఒక్క పనీ నాకు వదిలారు. మీరైతే కరెక్ట్‌గా చూస్తారు అని తిరుమలరావు సర్టిఫికెట్ కూడా ఇచ్చాడు. పెళ్ళికి పిలవకుండా పందిరి వేయమన్నట్టుంది.

వెళ్ళాను. కోటగుమ్మం దాటాక రోడ్డు పల్లంలోకి దిగి మలుపు తిరుగుతుంది. సరిగ్గా ఆ మలుపులో జోగమ్మ అనే పెద్దావిడ ఉలవ మొక్కలు పీకి తెచ్చి రోడ్డంతా పరిచింది. ఈ వైపు ఊళ్ళలో రోడ్డే కళ్ళం. వచ్చే పోయే బళ్ళు తొక్కితే కాయలు పగిలి గింజలు రాలతాయి. నేను చూసుకోకుండా ఎక్కించేశాను. చక్రం సర్రున జారింది. మెల్లగా వస్తున్నాను, టైర్లు లావు, కాలు ఆనించి బతికిపోయాను.

ఆవిడ పడీ పడీ నవ్వింది. సైకిలు బరువేటి బాబూ, నీ సైకిలుకి ఒక్క కాయా పగల్దు, లారీలన్నీ ఈ దారి ఒగ్గేసి ఎల్పోనాయి అంది. స్కూలు ఆటో, రెండు ట్రాక్టర్లే దిక్కట. మెట్ట మీద ఉన్న పొలం చెక్క ఏడాదికి ఇచ్చేది ఈ ఒక్క పంటేనట. సోమవారం దాకా ఇక్కడే ఉంచుతానంది. కిందంతా గింజలున్నాయి, దిగి నడు బాబూ, జారితే మూతి పగులుద్ది అని కూడా చెప్పింది. చైన్‌లో గడ్డి ఇరుక్కుంటుందని సైకిల్ భుజానికెత్తుకుని అంచువెంట నడిచాను. ఆవిడ మళ్ళీ నవ్వి, గ్లాసుతో మంచినీళ్ళిచ్చింది.

వెనక్కి తిరిగి చూశాను. పైనుంచి వేగంగా దిగేవాడికి అది మెత్తటి గడ్డిలా కనిపిస్తుంది. సిటీవాళ్ళు గడ్డిని చూసి బ్రేక్ వేయరు. తిరుమలరావు అసలే వేయడు. వాడే ముందుంటాడు.

సాయంత్రం 6

రోడ్డు క్లియర్ అని టైప్ చేశాను. చెరిపేశాను. ప్రసన్నకుమారి టీ తెచ్చింది. తాగాను. మళ్ళీ టైప్ చేసి పంపేశాను.

తిరుమలరావు బొటనవేలు గుర్తు పెట్టాడు.

ఫిబ్రవరి 2, ఆదివారం

క్వాయర్ పాడుతుండగా ఫోన్ వణికింది. పాట ఆపలేదు. ఒక్క స్వరం తప్పలేదు. ఆశీర్వాదం అయ్యాక బయటికొచ్చి తిరిగి ఫోన్ చేశాను. బెన్సన్. తిరుమలరావు ఎగిరి పడ్డాడు బావా, నోరంతా రగతం, కాలు ఎటో తిరిగిపోయింది అంటూ ఏడుస్తున్నాడు. తుంటి ఎముక విరిగింది. కాలర్ బోన్ విరిగింది. ముందు పళ్ళు రెండూ పోయాయి.

కార్బన్ సైకిల్ ఎలా ఉంది అని అడిగాను. బెన్సన్ ఫోన్ పెట్టేశాడు.

ఆకలేసింది. బిరియాని రెండోసారి పెట్టించుకున్నాను.

ఫిబ్రవరి 4, మంగళవారం

ఆసుపత్రికి యాపిల్స్ పట్టుకెళ్ళాను. పళ్ళు లేనివాడికి యాపిల్స్ ఏమిటని గేటు దగ్గర తట్టింది. అయినా ఇచ్చాను.

ఆపరేషన్ అయింది. నడుస్తాడట, కర్రతో. సైకిల్ మాత్రం ఇక లేదన్నారట డాక్టర్లు. అది చెప్తూ వాళ్ళావిడ హేమశ్రీ ఏడ్చింది. తిరుమలరావు నా చెయ్యి పట్టుకుని, మీరు చూసినప్పుడు ఆ గడ్డి లేదు కదా డేవిడ్ గారూ, ఆ ముసల్ది ఆదివారం తెల్లారే పరిచేసి ఉంటుంది అన్నాడు. గాలి పోతున్న మాటలు. వాడి నోటితో వాడే నాకు దారి చూపించాడు.

తల ఊపాను. అంతే. నోరు తెరిచి అబద్ధం ఆడలేదు.

ఫిబ్రవరి 6, గురువారం

పంచాయతీకి కంప్లైంట్ ఇవ్వాలని గ్రూపు పట్టుబట్టింది. తెలుగు బాగా రాస్తానని నాకే అప్పగించారు. బాగానే రాశాను.

ఫిబ్రవరి 8, శనివారం

తాటిమెట్ట వెళ్ళాం. నేను, బెన్సన్, ఇంకో నలుగురు. ఉలవలు ఇంకా నూర్పు అవలేదు, రోడ్డు పక్కకి లాగి కుప్పేసి ఉన్నాయి. పంచాయతీ మనుషులు మా ముందే ట్రాక్టర్‌తో ఆ కుప్పని మురుగు కాలువలోకి తోసేశారు. జోగమ్మ కాలువలోకి దిగి చేతులతో తోడుకుంది. బురద, గింజలు కలిసిపోయి వచ్చాయి.

తల ఎత్తి నన్ను చూసింది. ఈ బాబు సూసినాడు అంది. ముందు రోజు ఇక్కడే జారినాడు, సైకిలు భుజానికెత్తుకుని ఇలాగ అంచమ్మట నడిసినాడు, నాను మంచినీల్లిచ్చినాను అంది. బురద చేత్తో అంచు చూపించింది. అందరూ నా వైపు తిరిగారు.

పాపం, కన్ఫ్యూజ్ అవుతోంది, హెల్మెట్ పెట్టుకుంటే అందరం ఒకేలా ఉంటాం అన్నాను బెన్సన్‌తో. నలుగురూ నవ్వారు. సైకిల్ భుజానికెత్తుకోవడం ఏమిటి, సర్కసా అన్నాడొకడు. బెన్సన్ నవ్వలేదు, ఆవిడ చూపించిన అంచు వైపు చూశాడు. జోగమ్మ గట్టెక్కి నా ఎదురుగా వచ్చి, నా గ్లాసుతోనే తాగినావు కాదేటి బాబూ అని మెల్లిగా అడిగింది. అరిచినా బాగుండేది.

కూలింగ్ గ్లాసెస్ పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

మళ్ళీ పోల్. రైడ్లు శనివారమే. అందరూ ఓటేశారు. ముందు నేనే. తిరుమలరావు పేరు ఎవరూ ఎత్తలేదు. సంతోషంగా ఉంది. సిగ్గుపడాలేమో, కానీ సంతోషంగానే ఉంది.

ఫిబ్రవరి 14, శుక్రవారం

తిరుమలరావు వాయిస్ మెసేజ్ పంపాడు. కోటగుమ్మం దగ్గర నా తరఫున కూడా ఒక ఫొటో తీసుకోండి, మలుపులో జాగ్రత్త అన్నాడు. ప్రతి మాటకీ ఈల వినిపిస్తోంది. రెండుసార్లు విన్నాను.

దారి చూసి రావడానికి ఈసారి బెన్సన్ వెళ్ళాడు. తనే వెళ్తానన్నాడు. రోడ్డు క్లియర్ అని పెట్టాడు.

ఫిబ్రవరి 15, శనివారం

రోడ్డు మీద గడ్డిపోచ లేదు. ఎవరో ఊడ్చి ఉంచారు. మలుపులో జోగమ్మ కల్వర్టు మీద కూర్చుని ఉంది.

ఆవిడని చూడగానే దిగిపోయాను. సైకిల్ భుజానికెత్తుకున్నాను. అంచువెంట నడిచాను. ఎందుకో నాకు తెలియదు. సగం దూరం వెళ్ళాక గానీ ఏం చేస్తున్నానో అర్థం కాలేదు. వెనక అన్ని బ్రేకులూ ఒక్కసారే పడ్డాయి. ఎవరూ నవ్వలేదు.

అదిగో, ఆ రోజూ ఇలాగే నడిసినాడు అంది జోగమ్మ, బెన్సన్‌తో.