గౌను వెనక ముడి

అత్తయ్యా, మీరు కునుకు తీస్తున్నారని లేపలేదు. డ్యూటీకి వెళ్తున్నాను. బకెట్లో నానేసిన నా బట్టలు ముట్టుకోకండి, వచ్చి నేనే ఉతుక్కుంటాను. నా కంచం, గ్లాసు జోలికీ వెళ్ళొద్దు.

పొద్దున బుజ్జిది గౌను ముడి కట్టమని నా గది తలుపు దగ్గర వీపు తిప్పి నిలబడింది. నేను తలుపు తీయలేదు. "రాతిగుండె" అని మీరు గొణిగింది వినబడింది. అనండి, పడతాను. నా చేతులంటే నాకే భయం.

వార్డులో రోజూ ఒంటిమీద వేసుకునే నా రక్షణ గౌనుకి వెనక ముళ్ళు కట్టే నర్సక్కకి వైరస్ సోకింది. ఇప్పుడు అదే వార్డులో నోట్లో గొట్టంతో పడుకుని ఉంది. నిన్న అలవాటు కొద్దీ వీపు తిప్పి నిలబడ్డాను. ఎంతసేపటికీ చెయ్యి పడలేదు. వెనక్కి చూడటానికి ధైర్యం చాలలేదు.

చెప్పడం మర్చిపోయాను. బుజ్జిదాని ముడి ఇకనుంచి మీరే కట్టండి. మరీ బిగించకండి, ఊపిరాడదంటుంది.