మొదటి సాక్షివి నువ్వే

గవర్నరుపేట, బెజవాడ
9-8-1946

చి.ల.సౌ. చౌడేశ్వరిని దీవించి రాసేది.

నేను కులాసా. మన కేసుకి మంచి ప్లీడరు కుదిరారు, దిగులు పడకు. అంకమ్మరావు గారని, ముప్పై ఏళ్ళుగా సివిలు దావాలు నడుపుతున్న పెద్దమనిషి. మనం మగ్గం నూలు గుంజలకి కట్టి పడుగులుగా సాగదీసుకునే స్థలంలో పక్కింటి వెంకటప్పయ్య కంచె వేశాడని చెప్పగానే, ఆయన ఉన్నట్టుండి అవతలి ప్లీడరులా గద్దించారు. "ఏమయ్యా, ఆ స్థలం అతనిదేగా? అతన్ని అడిగే వాడుకుంటున్నారుగా?" నేను హడలిపోయి "అంతేనేమోనండీ" అన్నాను. గుమాస్తా ఫక్కున నవ్వాడు.

"నిన్ను బోనెక్కిస్తే కేసు మునిగినట్టే. కంచె వేసిననాడు అడ్డుపడిందెవరు?" అన్నారు అంకమ్మరావు గారు. మా ఆవిడేనండీ అని, ఆనాడు నువ్వు వెంకటప్పయ్యతో అన్న మాటలు అప్పజెప్పాను: "ఈ గుంజలు పాతింది మా మామగారు. గుంటలు తవ్విపెట్టింది మీ నాన్నే. ఇంకెవర్ని అడగాలి మేము?" ప్లీడరుగారు కలం కింద పెట్టి ఒకటే నవ్వు. "మొదటి సాక్షి ఆవిడే. తీసుకురా, వకాల్తా పుచ్చుకుంటాను" అన్నారు. నాకు ఎక్కడలేని గర్వం వచ్చింది.

సోమవారం పొద్దున మీ అన్నయ్యని తోడు తీసుకుని కొండపల్లిలో రైలెక్కు. నేను స్టేషనులో ఉంటాను. భోషాణంలో నాన్న నాటి పన్ను రసీదులున్నాయి, పట్టుకురా. చంటిదానికి దగ్గు తగ్గిందా? మగ్గం మీది చీర దిగిందా? అమ్మకి నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

ప్లీడరుగారు నిన్నూ అలాగే గద్దిస్తారు. కోపమొస్తే ఆపుకోకు. చివర "అండీ" అని మాత్రం తగిలించు.

పాండురంగయ్య