మూడో అరలోని గులాబీ కాగితం

మార్చి 4

ఈ రోజుతో మా వీధి మొత్తం ఈ-బిల్లులోకి వచ్చేసింది. మున్సిపాలిటీ నీటి బిల్లులు ప్రింట్ చేసి, మడిచి, కవర్లో పెట్టి పోస్టు చేసే కాంట్రాక్టు మా ఆఫీసుది. జనం చేత కాగితం మాన్పించి మెయిల్‌కి మార్చడం నా పని. అక్క ఒక్కతే మొరాయించింది. బిల్లు ఫ్రిజ్ తలుపుకి అంటించుకోకపోతే తనకు తోచదట. నాలుగు నెలల పిల్లాణ్ణి ఒళ్లో వేసుకుని కూర్చుంటే, పక్కన చేరి బతిమాలి ఓకే నొక్కించాను. టార్గెట్ పూర్తి.

మార్చి 5

మేనేజర్ అందరి ముందూ మెచ్చుకున్నాడు. కాళ్లు నేల మీద నిలవలేదు.

మార్చి 11

కవర్లు నింపే మెషీన్‌కి నాలుగు అరలు. మూడో అరలో మున్సిపాలిటీ వాళ్ల కరపత్రం పెడతారు. ఈసారిది గులాబీ రంగు. మొక్కల ప్రదర్శనో, పన్నుల శిబిరమో అయి ఉంటుంది, ఎవరు చదువుతారు? మెయిల్‌కి జత చేస్తే సగం స్పామ్‌లో పడతాయి, తెరిచి చూసేవాళ్ల శాతం తగ్గుతుంది, అక్షింతలు నాకు. అందుకే మెయిల్‌కి కరపత్రం జత చేయమనే గడిలో ఎప్పటిలాగే టిక్ తీసేశాను. మేనేజర్‌కీ తెలుసు.

మార్చి 18, మధ్యాహ్నం

మెషీన్ నడిపే పెద్దాయన, అందులో ఇరుక్కుని నలిగిన గులాబీ కాగితాలు లాగి నా బల్ల మీద పడేశాడు, టీ కప్పు కింద వేసుకోమని. కప్పు పక్కకు జరిపి చదివాను.

పాత సీసం పైపులు తవ్వుతున్నారట. పద్నాలుగో తేదీ నుంచి పసిపిల్లలకు కుళాయి నీళ్లు పట్టకూడదట. కాచినా సరే. కింద వీధుల పేర్లు. రెండోది మాది.

అక్క డబ్బా పాలు ఆ నీళ్లతోనే కలుపుతుంది. మరగకాచి మరీ.

మార్చి 18, నాలుగు గంటలు

పిల్లాడు మూడు రోజులుగా పాలు కక్కుతున్నాడు. ఎండలకి అయ్యుంటుందిలే అని మొన్న చెప్పింది నేనే. ఫోన్‌లో అక్కకి అంతా చెప్పాను.

"నువ్వే కదే, అన్నీ ఫోన్‌లోకే వస్తాయన్నావు."

అరిచినా బాగుండేది.

కరపత్రం అందని ఇళ్లు ఇంకా వెయ్యి నూట నలభై ఉన్నాయి, ఇప్పుడే మెయిల్ పంపుదామన్నాను. పంపితే తప్పు ఒప్పుకున్నట్టే అన్నాడు మేనేజర్. కరపత్రం నూటికి నూరు ఇళ్లకూ చేరిందని మున్సిపాలిటీకి రిపోర్టు వెళ్లిపోయిందట. సంతకం నాదే. చూడకుండా పెట్టాను.

మార్చి 19

నేనే పంపేద్దామని పొద్దున్నే వెళ్లాను. లాగిన్ తీసేశారు. పెద్దాయనే మిగిలిన గులాబీ కట్ట సంచిలో పెట్టి చేతికిచ్చాడు.

పిల్లాడి రక్తం తీశారు. అంత చిన్న చేతిలో నరం దొరక్క రెండుసార్లు గుచ్చారు. సీసం ఎంత చేరిందో ఎల్లుండి చెప్తారట. నాకు భయంగా ఉంది.

మార్చి 20

ఇల్లిల్లూ తిరుగుతున్నాను. పక్క వీధిలో ఒకాయన తలుపు సగమే తీశాడు. కాగితం అందుకోకుండా ఫోన్ ఎత్తి చూపించాడు. మున్సిపాలిటీవన్నీ ఇందులోకే వస్తాయమ్మా, నీకెందుకు శ్రమ అని తలుపేసుకున్నాడు. లోపల పసిబిడ్డ ఏడుస్తోంది. కుళాయి తిప్పిన చప్పుడు.

మళ్లీ తలుపు కొట్టాను. తీయలేదు. తలుపు కింది సందులోంచి కాగితం తోశాను. అది బయటికి తిరిగొచ్చింది.

మార్చి 21, ఉదయం

ల్యాబ్ నుంచి మెయిల్ వచ్చింది. రిపోర్టు జతచేశామని రాశారు.

ఏమీ జతచేయలేదు. అక్క ఫోన్ నా ముందు పెట్టి, నా మొహంలోకే చూస్తోంది.