ఇంటర్వెల్ తర్వాత పెళ్లిచీర

ధర్మవరం,
అమావాస్య వెళ్లిన నాలుగో రోజు.

అమ్మ తర్వాత అమ్మవైన అక్కయ్యకు తమ్ముడు వెంకటేశు నమస్కారాలు.

ఇక్కడ నా ఒంటికి ఏ లోటూ లేదు. వేళకు తింటున్నాను, వేళకు పడుకుంటున్నాను. మనసు సంగతి కిందికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది. నువ్వూ, బావగారూ, నీ మరదలు వరలక్ష్మీ, మా పాపా ఎలా ఉన్నారు? బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? పాప గోడ పట్టుకుని నడుస్తోందని రాశావు. గోడ వదిలేసిందా? ఇన్లాండు కవరు చాలదని ఈసారి తెల్లకాగితాలు తెచ్చుకున్నాను. వరం నీ పక్కనే కూర్చుని ఉంటుందని తెలుసు కాబట్టి గట్టిగానే చదువు.

నీ ఉత్తరం అందింది. చివర వరం చెప్పి రాయించిన ముక్కలూ అందాయి. "ఉగాది వెళ్లాక తీసుకెళ్తానన్నారు. వానలు పడ్డాక అన్నారు. దసరా వెళ్లాక అన్నారు. రమ్మంటారో, వద్దంటారో తేల్చండి. లేదంటే పిల్లనెత్తుకుని నేనే రైలెక్కుతాను." అది చదివిన దగ్గర నుంచీ నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. జవాబు రాద్దామని కూర్చుంటాను, లేస్తాను. వీధి చివరిదాకా వెళ్తాను, తిరిగొస్తాను. మా పక్క మగ్గం కుళ్ళాయప్ప "ఏమప్పా, నిప్పు తొక్కినట్ల తిరుగుతాండావు" అని అడుగుతాడు. ఏం లేదంటాను. నువ్వు మాత్రం కంగారు పడకు, నేను బాగానే ఉన్నాను.

పని సంగతికేం, బాగానే ఉంది. మన ఊళ్లో నూలు మగ్గాలు మూలపడ్డాక ఈ పట్టు నేత నాకు అబ్బుతుందా అని భయపడ్డావు కదా. అబ్బింది. కానీ ఊరే ఇంకా నాకు అబ్బలేదు. ఈసారీ వాన మొహం చాటేసింది. మబ్బు రోజూ మధ్యాహ్నం వస్తుంది, చుట్టపుచూపుగా ఒకసారి చూసి మడకశిర కొండలవైపు వెళ్లిపోతుంది. బోరింగు దగ్గర తెల్లారకముందే బిందెలు వరసకడతాయి. కాలవ గట్టున పుట్టి పెరిగిన పిల్లను తెచ్చి ఈ వరసలో ఎలా నిలబెట్టనని నా బాధ. తిండి రాగిసంగటి, చెనక్కాయల చట్నీ, అంటే మన వేరుశనగ చట్నీయే. పొద్దున ఉగ్గాని అని బొరుగులతో, అదే మన మరమరాలతో చేస్తారు, పక్కన మిరపకాయ బజ్జీ పెడతారు. అది మాత్రం వరానికి నచ్చుతుంది.

ఇక అసలు కథ చెప్తాను. సినిమా కథే అయినా ఓపిగ్గా విను, నా కథ అందులోనే ఉంది.

ఇక్కడ మగ్గాలకు సెలవు అమావాస్య నాడే. ఆ రోజు ఆడవాళ్లంతా కలిసి సినిమాకు వెళ్తారు. మళ్లీ నెలదాకా వాళ్లకు తీరదు కాబట్టి ఏ సినిమాకు వెళ్లాలన్నది చిన్న విషయం కాదు. అది తేల్చేది మా యజమాని తల్లి ఓబుళమ్మవ్వ. మగ్గాల షెడ్డు గుమ్మంలో రాట్నం ముందు కూర్చుని కండెలకు పట్టు దారం చుడుతూ అందరి మాటా వింటుంది. కుళ్ళాయప్పకు ఒక హీరో అంటే ప్రాణం, అద్దకం పని చేసే ఖాదరుకు ఇంకొక హీరో. ఒకరు బాగుందంటే రెండోవాడు చెత్తంటాడు. సినిమా చూసొచ్చిన మర్నాడు మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెల చప్పుడు కన్నా వీళ్ల చప్పుడే ఎక్కువ. చేతులు మాత్రం ఆపరు, అది ఇక్కడి పద్ధతి. నాడె ఆపి మాట్లాడేవాడి మాటకు విలువ లేదట.

ఈ నెల వచ్చిన సినిమాలో ఇద్దరి హీరోలూ లేరు. అన్నీ కొత్త మొహాలే. ఇద్దరూ మేం వెళ్లం అన్నారు. అమావాస్యకు రెండు రోజుల ముందు అవ్వ రాట్నం ఆపి నావైపు చూసింది.

"నీకు ఆ పక్కమూ లేదు, ఈ పక్కమూ లేదు. ఈ పొద్దు మొదటి ఆటకు పోయి చూసి రా వెంకటేశూ. ఆడోళ్లు పోవచ్చునా లేదా నువ్వే చెప్పల్ల" అంది.

ఈ షెడ్డులో నన్ను ఎవరైనా ఒక మాట అడగడం అదే మొదలు. సంతోషంగా వెళ్లాను. కానీ అక్కా, నీకొక మాట చెప్పలేదు. ఈ ఊరొచ్చాక నేను ఏ సినిమా పూర్తిగా చూడలేదు. ఇంటర్వెల్ గంట కొట్టగానే లేచి బయటికొస్తాను, మళ్లీ లోపలికి వెళ్లబుద్ధి కాదు. మన ఊళ్లో అయితే వరం ఆడవాళ్ల వైపు కూర్చున్నా, ఆట వదిలాక గేటు దగ్గర కలిసి, ఇల్లు చేరేదాకా సినిమా గురించి పోట్లాడుకునేవాళ్లం. తను ఏడ్చిన చోట నేను నవ్వానని రెండు రోజులు మాట్లాడేది కాదు. ఇక్కడ ఆట వదిలాక ఎవరికోసం నిలబడాలి?

ఆ రోజూ ఇంటర్వెల్‌కే వచ్చేశాను. అంతవరకూ సినిమా కళకళలాడింది. మేనరికం పెళ్లి, బావామరదళ్ల సరసాలు, నాలుగు పాటలు. ఆఖరున మొగుడు పట్నంలో పని దొరికిందని, ఇల్లు కట్టాక తీసుకెళ్తానని భార్యకు చెప్పి బస్సెక్కుతాడు. ఆ పిల్ల పెళ్లిచీర కట్టుకుని నవ్వుతూ చెయ్యి ఊపుతుంది. మిగతాది ఏముంటుంది, పట్నంలో నాలుగు తన్నులు, చివరికి శుభం అనుకున్నాను. మర్నాడు పొద్దున అవ్వతో "నిశ్చింతగా వెళ్లండవ్వా, నవ్వుకుంటూ ఇంటికి రావచ్చు" అన్నాను.

అమావాస్య నాడు వీధిలోని ఆడవాళ్లంతా తలంటుకుని, పూలు పెట్టుకుని, బొరుగుల మూటలు కట్టుకుని వెళ్లారు. కుళ్ళాయప్ప పెళ్లాం, మా షెడ్డులోనే పనిచేసే లక్ష్మక్క, అత్తగారిని బతిమాలి మరీ వెళ్లింది. చీకటిపడే వేళకు తిరిగొచ్చారు. ఒక్కరి మొహంలో నెత్తురు చుక్క లేదు. కళ్లు వాచిపోయి ఉన్నాయి. నన్ను చూసి లక్ష్మక్క మొహం తిప్పుకుంది.

మర్నాడు పొద్దున అందరం షెడ్డులో పనికి కూర్చున్నాం. అవ్వే ముందు అడిగింది.

"ఏమప్పా, ఆ పిల్ల పెండ్లిచీర చివరకు ఏమాయ?"

నేను ఊహించి ఒక మాట వేశాను. "పెట్టెలో దాచుకుంది కదవ్వా" అన్నాను.

షెడ్డులో నాడెలన్నీ ఒక్కసారి ఆగాయి. అంతవరకూ ఈ పద్ధతి ఎవరూ తప్పడం నేను చూడలేదు.

"సినిమాలో చీరను చూడని నేతగాడు యాడన్నా ఉంటాడా?" అంది అవ్వ. "నువ్వు సగంలోనే లేసి వచ్చినావు. సగం నేసిన చీరకు ఎవురన్నా ధర చెప్తారా? నెలకొక దినం మాది. ఆ దినం ఏడ్సేదానికి పోయినాము, నీ మాట ఇని."

"ఏడ్సేదానికి నేనేమీ వద్దనను" అంది లక్ష్మక్క. "ఏడుపు సినిమా అని చెప్పుంటే మనసు గట్టి చేసుకోని పోయుందుము. నగుతామని పోయి ఏడిస్తే గుండె పగులుతాది కదప్పా."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఖాదరు లేచి నా భుజం మీద చెయ్యేశాడు. "ఇడ్సెయ్ అవ్వా, సాయంత్రం నేనే పిల్సుకోని పోతా. గేటు కాడ నిలబడతా, యాడికి పోతాడో చూస్తా" అన్నాడు. అన్నట్టే చేశాడు.

ఈసారి చివరిదాకా కూర్చున్నానక్కా. ఇంటర్వెల్ తర్వాత ఆ పిల్ల పెళ్లిచీర బిడ్డకు ఉయ్యాల అవుతుంది. బిడ్డ పెద్దదయ్యాక, తలుపు విరిగిన గుమ్మానికి తెర అవుతుంది. జరీ నల్లబడినా అంచు మాత్రం గుర్తుపట్టవచ్చు. మొగుడు ప్రతి జాబులోనూ ఇల్లు అయిపోవచ్చింది, కొంచెం ఆగు అని రాస్తూనే ఉంటాడు. ఆగి ఆగి ఆ పిల్ల బిడ్డను తీసుకుని వాణ్ని వెతుక్కుంటూ బస్సెక్కుతుంది. అదే రోజు వాడు తీసుకెళ్లడానికి ఊరికొస్తాడు. రెండు బస్సులూ వంతెన మీద ఎదురెదురుగా వస్తాయి. ఆమె ఈ పక్క కిటికీలో నిద్రపోతున్న బిడ్డ వంక చూస్తుంటుంది. వాడు ఆ పక్క కిటికీలో తాళంచెవి వంక చూసుకుంటుంటాడు. వాడు ఇంటికొచ్చి గుమ్మంలో ఆ చీర పక్కకు తీస్తే లోపల ఎవరూ లేరు. అంతే, తెర పడింది. నేను ఏడ్చానని వరానికి చెప్పు. ఈసారి తను నవ్వుకోవచ్చు.

మర్నాడు పొద్దున చెయ్యి ఆపకుండా నా మాట చెప్పాను. సినిమా బాగుంది, కానీ సెలవుపూట చూసేది కాదు అన్నాను. అప్పుడు మొదలైంది అసలు తగవు.

"వానిది తప్పేముందిలే" అన్నాడు కుళ్ళాయప్ప. "ఇల్లు కట్టి పిల్సుకోని పోతామనుకున్యాడు. ఆయమ్మ ఇంకొక దినం ఆగుంటే సరిపోయుండు."

"ఆగేది ఎన్ని దినాలప్పా?" అంది లక్ష్మక్క. "ఇల్లు ఎవురు అడిగినారు వాణ్ని? ఆయమ్మ అడిగిందా? యాపచెట్టు కింద పొయ్యి పెట్టుకోనైనా బతకతా ఉందురు."

అవ్వ రాట్నం తిప్పుతూనే, నావైపు చూడకుండానే, "నీ పెండ్లాం యాడుండాది వెంకటేశూ?" అంది.

మా అక్క దగ్గరుందన్నాను. ఏమిటికి పిల్సుకోని రాలేదంది. ఇక్కడ నీళ్ల కరువు కదా, వానలు పడనీ అని చూస్తున్నానన్నాను. ఆ మాట నా చెవికే సినిమాలో జాబులా వినిపించింది.

"నీళ్లు మోసేది ఆయమ్మ కదా" అంది లక్ష్మక్క. "ఆయమ్మను అడిగినావా?"

అడగలేదక్కా. నువ్వు చదువుతుంటే వరం వింటోంది కదా, అందుకే చెప్తున్నాను. తన సుఖం కోసమని నేను ఒక్కణ్నే కూర్చుని అన్నీ తేల్చేశాను. తనను ఒక్క మాట అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఇక్కడ నీళ్లు దూరం, ఎండ మెండు, మాట మోటు. మనుషులు మాత్రం మంచివాళ్లు. అవ్వ తన ఇంటి పక్క గది ఇస్తానంది. గుమ్మానికి తలుపు ఉంది. వస్తావా వరం?

వస్తానంటే నేనే వచ్చి తీసుకొస్తాను. మగ్గం మీద చీర సగంలో ఉంది, దాన్ని దించిన రోజే బయలుదేరతాను. వరం వస్తే కట్టుకోవడానికి పెళ్లిచీర తెచ్చుకోమను. ఉయ్యాలకు అది మాత్రం కట్టనివ్వకు, నా పాత పంచె ఉంది కదా, అది కట్టండి. వీలైతే చిన్న జాడీలో గోంగూర పచ్చడి పెట్టి ఉంచు, అవ్వకు మన పక్క రుచి చూపించాలి. బావగారికి నా నమస్కారాలు. నీ కాళ్లకు దణ్ణం పెడుతున్నాను. నేను బాగున్నాను, ఇది నిజంగానే రాస్తున్నాను. మమ్మల్ని ఒకచోట ఉండమని దీవించు.

నీ తమ్ముడు,
వెంకటేశు.

తా.క. నేను వచ్చేదాకా వరాన్ని ఇల్లు కదలనివ్వకక్కా. నీకు పుణ్యముంటుంది. తను అన్నమాట ప్రకారం ఈపాటికే రైలెక్కేసిందేమోనని రోజూ సాయంత్రం గుంతకల్లు బండి వేళకు స్టేషనుకు వెళ్లి నిలబడుతున్నాను. చివరి పెట్టె దాటి వెళ్లిపోయేదాకా ఒక్కొక్క కిటికీ చూస్తున్నాను. కుళ్ళాయప్ప నవ్వుతున్నాడు. అవ్వ మాత్రం, పోయి నిలబడు అంటోంది.