రంగూన్ అత్త కాచిన కషాయం

తెనాలి, 9-12-66

అమ్మకు సుభద్ర నమస్కారాలు. నిన్న నాన్న అన్నం అడిగి తిన్నారు. ముందు ఈ మాట చదివి స్థిమితపడు.

పొట్టలో జబ్బేమీ లేదని డాక్టరు గారు చెప్పాక, రంగూన్ నుంచి వచ్చేసిన మన అనసూయత్త రెండు చీనా మందు డబ్బాలు తీసింది. రెండూ అరుగుదలకే. రెండింటిలోనూ ఎండిన కమలాతొక్క వాసనే. "అన్నయ్యా, తిన్నాక బరువుగా ఉంటోందా, అసలు తినబుద్ధే కావట్లేదా?" అని అడిగింది.

"తినబుద్ధే కావట్లేదమ్మా."

"అయితే ఇది వద్దు, ఎక్కువ తిన్నవాళ్లకిది. నీ పొట్ట నీరసించింది" అంటూ రెండోది కాచి ఇచ్చింది. ఆవిరి గదంతా పరుచుకుంటుంటే, రంగూన్‌లో చీనావాళ్ల మందుల కొట్టునీ, దాని గోడనిండా ఉండే చిన్న చిన్న సొరుగుల్నీ, నదిమీద మంచులో కదిలే పడవల్నీ నెమ్మదిగా వర్ణిస్తూ కూర్చుంది. వింటూనే నాన్న నిద్రలోకి జారుకున్నారు. నేనూ ఆ పడవల్లోనే ఉన్నట్టు కూర్చుండిపోయాను.

మూడో రోజుకి డబ్బా అడుగంటింది. అది చనిపోయిన మామయ్య కోసం అక్కడ కొన్న మందట. నాన్నకది తెలిసి గ్లాసు పక్కకు జరిపారు. "మిగిలింది నీ దగ్గరే ఉండనీ అమ్మా. నాకు ఆకలేస్తోంది, అన్నం పెట్టు" అన్నారు. నిజంగా ఆకలేసిందో, అత్త కోసమే అన్నారో గాని, పెసరకట్టుతో కంచం ఖాళీ చేశారు.

చలపతి బాబాయి రేపల్లె నుంచి వచ్చేటప్పుడు పాతబియ్యం పంపు. గేదె ఈనిందా? "మీ అమ్మ వేళకి తింటోందో లేదో" అని నాన్న ఇప్పుడే అడిగారు. ఏమని చెప్పను? తిని, జవాబు రాయి.

నీ సుభద్ర