వాక్యం చెప్పిన ఆదివారం

పులివెందులలో ఉన్న పాస్టరు అయ్యగారికి, జమ్మలమడుగు నుంచి వందనాలు.

మీరు బదిలీ మీద వెళ్లాక మొదటి ఆదివారం, మీరు చెప్పినట్టే మన చర్చిలో వాక్యం చెప్పడానికి లేచాను. సంఘపెద్ద దేవదానం గారు అడ్డం వచ్చారు.

"ప్రొద్దుటూరు అంగట్లో చీరలు మడతపెట్టే మనిషి మనకు వాక్యం చెప్తాదా? యాడన్నా ఉందా ఇది?"

సగం మంది ఆయన వెంట బయటికి పోయారు. మీరు నన్ను రెండేళ్లు మీ వంటింట్లో కూర్చోబెట్టి బైబిలు చదివించారు, రోగుల ఇళ్లకు వెంట తీసుకెళ్లారు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో మాత్రం మనం మాట్లాడుకోలేదు. మిగిలిన పదకొండు మందికి వాక్యం చెప్పాను.

దేవదానం గారి భార్య జబ్బుతో నెల నుంచి మంచం మీదే ఉంది. మంగళవారం వాళ్లింటికి పోయాను.

"ఏంటికొచ్చినావు ఈడికి?" అన్నారు వాకిట్లోనే.

"వదినను చూసిపోదామని వచ్చినా అన్నా."

ఆయన పక్కకు జరగలేదు. లోపలి నుంచి వదినే, "రానీయప్పా, నాకు తల దువ్వే దిక్కు లేదు" అంది. తల దువ్వి, జడేసి, ప్రార్థన చేశాను. ఆయన గడప అవతలే నిలబడి ఉన్నారు. ఆమెన్ అనలేదు.

మీరే వచ్చి ఆయనకు నచ్చజెప్తానని ఫోన్లో అన్నారు. దయచేసి రావద్దండి. మీరు చెబితే ఆయన మీకోసం ఊరుకుంటారు, నన్ను మాత్రం ఎప్పటికీ ఒప్పుకోరు. భయంగానే ఉంది. అయినా రేపు మళ్లీ వదినకు తల దువ్వడానికి పోతున్నాను.

మీ సంఘపు బిడ్డ